రోబో అనుకరణలో విద్యుత్ మోటారు నమూనా

రోబో అనుకరణలో విద్యుత్ మోటారు నమూనా అనగా, రోబో యొక్క చేతులు, కాళ్ళు, చక్రాల కదలికను కంప్యూటరులో లెక్కగట్టేటప్పుడు ఆ కదలికకు మూలమైన మోటారు ప్రవర్తనను కూడా అదే లెక్కలో చేర్చే పద్ధతి. మోటారుకు ఇచ్చిన వోల్టేజి, దానిలో పారే కరెంటు, రోటారు తిరిగే వేగం ఒకవైపు, రోబో భాగాల బరువు, జడత్వం, ఘర్షణ మరొకవైపు ఉంటాయి. ఈ రెండు వైపుల సమీకరణాలు మోటారు ఇరుసు వద్ద కలుస్తాయి. రోబోటిక్స్, నియంత్రణ శాస్త్రం, సంఖ్యాత్మక గణితం మూడింటికీ చెందిన విషయమిది.

ఈ జోడింపు చేయని అనుకరణలో రోబో చక్కగా నడిచి, అదే నియంత్రణ ప్రోగ్రాముతో అసలు యంత్రం తడబడటం, ఊగిపోవడం, లేక మోటారు కాలిపోవడం తరచుగా జరుగుతుంది. కంప్యూటరులో పనిచేసినది బల్లమీద పనిచేయకపోవడానికి గల కారణాలలో మోటారును విస్మరించడం ఒక ప్రధాన కారణం.

నేపథ్యం

రోబో చేయిని కొన్ని దృఢమైన భాగాలుగానూ, వాటిని కలిపే కీళ్ళుగానూ భావిస్తారు. ఏ కీలుకు ఎంత టార్క్ ఇస్తే ఆ భాగాలు ఎంత త్వరణంతో కదులుతాయో చెప్పేవి యాంత్రిక సమీకరణాలు. చాలా సిమ్యులేటర్లు వాడుకరి నుండి ఈ టార్క్ విలువను మాత్రమే అడుగుతాయి. ఇరవై న్యూటన్-మీటర్లు కావాలని ప్రోగ్రాము కోరితే, ఆ క్షణంలోనే ఇరవై న్యూటన్-మీటర్లు కీలు మీద పడతాయి. దీనిని ఆదర్శ టార్క్ మూలం అంటారు. ప్రకృతిలో ఇటువంటిది లేదు. మోటారు టార్కును కరెంటు ద్వారానే ఇస్తుంది. కరెంటు పెరగడానికి కొంత సమయం పడుతుంది. వేగం పెరిగిన కొద్దీ ఇవ్వగలిగిన టార్క్ తగ్గుతుంది. తన రోటారును తిప్పుకోవడానికి కూడా మోటారు కొంత టార్కును ఖర్చు చేస్తుంది.

తెలుగునాట పల్లెల్లో మోటారు అనగానే మొదట గుర్తుకు వచ్చేది బోరుబావిలో దించిన పంపుసెట్టు. రంగారెడ్డి జిల్లాలో జన్వాడ, మొయినాబాదు, చేవెళ్ళ పరిసరాల్లో బోర్లపై కూరగాయలు, పూలు పండించే రైతులకు ఈ సూత్రం అనుభవంలో తెలిసినదే. లో వోల్టేజిలో స్టార్టరు వేస్తే మోటారు తిరగలేక గుర్రుమంటుంది, కరెంటు మామూలు కన్న కొన్ని రెట్లు లాగుతుంది, స్టార్టరులోని రిలే పడిపోకపోతే వైండింగు కాలిపోతుంది. మోటారు లాగే కరెంటును నిర్ణయించేది మోటారు ఒక్కటే కాదు. దాని ఇరుసుకు తగిలించిన బరువు కూడా నిర్ణయిస్తుంది. పంపుసెట్టులో ఉండేది ప్రేరణ మోటారు, రోబోలో ఎక్కువగా వాడేది శాశ్వత అయస్కాంత మోటారు. రెండింటి నిర్మాణం వేరైనా, తిరగకుండా ఆగిపోయిన మోటారు అధిక కరెంటు లాగడం రెండింటికీ సమానమే.

మోటారు సమీకరణాలు

శాశ్వత అయస్కాంతపు డి.సి. మోటారుకు రెండు సమీకరణాలు సరిపోతాయి.

మొదటిది విద్యుత్ సమీకరణం. మోటారుకు ఇచ్చిన వోల్టేజి మూడు భాగాలుగా ఖర్చవుతుంది. ఒక భాగం తీగచుట్ట నిరోధాన్ని దాటడానికి, ఒక భాగం కరెంటును మార్చడానికి (ఇది చుట్ట ప్రేరకత్వంపై ఆధారపడుతుంది), మిగిలిన భాగం వ్యతిరేక విద్యుచ్ఛాలక బలాన్ని ఎదుర్కొనడానికి. తిరుగుతున్న మోటారు తానే ఒక జనరేటరు అయి, సరఫరాకు ఎదురుగా వోల్టేజిని పుట్టిస్తుంది. అదే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం. ఇది కోణీయ వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

రెండవది యాంత్రిక సమీకరణం. కరెంటును టార్క్ స్థిరాంకంతో గుణిస్తే మోటారు పుట్టించే టార్క్ వస్తుంది. దానిలో నుండి ఘర్షణను, బయటి భారాన్ని తీసివేయగా మిగిలినది రోటారు జడత్వ భ్రామకాన్ని త్వరణంలోకి తెస్తుంది.

మొదటి సమీకరణంలోని వోల్టేజి స్థిరాంకం, రెండవ సమీకరణంలోని టార్క్ స్థిరాంకం ఎస్.ఐ. ప్రమాణాలలో ఒకే సంఖ్య. విద్యుత్ రూపంలో వ్యతిరేక విద్యుచ్ఛాలక బలానికి వ్యతిరేకంగా ఖర్చయిన సామర్థ్యమే ఇరుసుపై యాంత్రిక సామర్థ్యంగా బయటికి వస్తుంది కాబట్టి ఇవి రెండూ సమానం కాక తప్పదు. ఒక నమూనాలో ఈ రెండు సంఖ్యలు వేరువేరుగా కనిపిస్తే ప్రమాణాలలో పొరపాటు జరిగినట్లే. తయారీదారుల పట్టికలలో ఒకటి నిమిషానికి భ్రమణాలలో, మరొకటి మిల్లీ న్యూటన్-మీటర్లలో ఉండటం వలన విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

బ్రష్‌లు లేని మోటారుకు మూడు ఫేజుల సమీకరణాలు ఉంటాయి. అయితే రోటారుతో పాటు తిరిగే అక్షాల నుండి చూస్తే, టార్కును పుట్టించే కరెంటుకు పైన చెప్పిన సమీకరణాలే దాదాపుగా వర్తిస్తాయి. కనుక రోబో అనుకరణలో దానిని కూడా డి.సి. మోటారుగానే భావించడం వాడుక.

గేరు వద్ద కలయిక

రోబో కీళ్ళలోని చిన్న మోటార్లు వేగంగా, తక్కువ టార్కుతో తిరుగుతాయి. కీళ్ళకు కావలసినది తక్కువ వేగం, ఎక్కువ టార్క్. అందుకే మధ్యలో గేరు ఉంటుంది. గేరు నిష్పత్తి 100 అయితే వేగం వందవ వంతుకు తగ్గుతుంది, టార్క్ (నష్టాలు లేవనుకుంటే) వంద రెట్లవుతుంది. రోటారు జడత్వ భ్రామకం మాత్రం వంద రెట్లు కాదు, నిష్పత్తి వర్గానికి సమానంగా, అనగా పదివేల రెట్లుగా కీలు వైపు కనిపిస్తుంది. కీలు ఒక మేర త్వరణం పొందితే రోటారు దానికి వంద రెట్ల త్వరణం పొందాలి. అందుకు కావలసిన టార్క్ గేరును దాటి ఇవతలకు వచ్చేసరికి మరో వంద రెట్లవుతుంది. దీనిని ప్రతిఫలిత జడత్వం అని చెప్పవచ్చును.

బొటనవేలంత రోటారు, మోచేతి పొడవున్న ఇనుప కడ్డీ కన్న బరువుగా ప్రవర్తించడం మొదట నమ్మశక్యంగా ఉండదు. కాని కొలతలు దీనిని నిర్ధారించాయి. బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఉసామా ఖాతిబ్, జోయెల్ బర్డిక్‌లు ప్యూమా 560 అనే పారిశ్రామిక రోబో చేయిని విడదీసి, భాగాల జడత్వాలను కొలిచి 1986లో ప్రచురించారు. దాని మణికట్టులోని మూడు కీళ్ళకూ మోటారు, గేరుల ప్రతిఫలిత జడత్వం సుమారు 0.2 కిలోగ్రాము-చదరపు మీటర్లుగా తేలింది. మణికట్టు భాగాల స్వంత జడత్వం దీని ముందు చాలా స్వల్పం. ఆ చేతి మణికట్టును అనుకరించేవారు మోటారును వదిలివేస్తే, వదిలివేసినది చిన్న సవరణ కాదు, దాదాపు మొత్తం జడత్వం.

లెక్కతో ఒక ఉదాహరణ

ఒకే కీలు గల చేయిని తీసుకుందాం. చేయి పొడవు 0.4 మీటర్లు, బరువు 1 కిలోగ్రాము, కొసన పట్టుకున్న వస్తువు బరువు 2 కిలోగ్రాములు. మోటారు సరఫరా 24 వోల్టులు, నిరోధం 1 ఓమ్, ప్రేరకత్వం 0.5 మిల్లీ హెన్రీలు, టార్క్ స్థిరాంకం ఆంపియరుకు 0.05 న్యూటన్-మీటర్లు, రోటారు జడత్వ భ్రామకం 0.00002 కిలోగ్రాము-చదరపు మీటర్లు, గేరు నిష్పత్తి 100. డ్రైవు కరెంటును 10 ఆంపియర్లకు పరిమితం చేస్తుంది. గేరు నష్టాలను ఈ లెక్కలో వదిలివేద్దాం.

చేయి, వస్తువుల జడత్వ భ్రామకం కీలు వద్ద 0.373. రోటారు ప్రతిఫలిత జడత్వం 0.2. మొత్తం 0.573 కిలోగ్రాము-చదరపు మీటర్లు. చేయి భూమికి సమాంతరంగా ఉన్నప్పుడు గురుత్వం వలన కలిగే టార్క్ 9.81 న్యూటన్-మీటర్లు. అంటే చేయిని కదలకుండా పట్టి ఉంచడానికి సుమారు 1.96 ఆంపియర్ల కరెంటు కావాలి. ఈ పనికి చుట్టలో వేడిగా మారేది నాలుగు వాట్ల లోపే. ఇందులో భయపడవలసినది ఏమీ లేదు.

ఇప్పుడు చేయిని పైకి లేపడానికి పూర్తి 10 ఆంపియర్లు ఇస్తే కీలుకు 50 న్యూటన్-మీటర్లు వస్తాయి. మోటారు నమూనా లేని సిమ్యులేటరు చూపే త్వరణం సెకనుకు సెకనుకు 108 రేడియన్లు. రోటారును కలిపితే అది 70 మాత్రమే.

వేగం పెరిగినపుడు తేడా మరింత స్పష్టమవుతుంది. కీలు సెకనుకు 4 రేడియన్ల వేగంతో తిరుగుతుంటే మోటారు 400 రేడియన్ల వేగంతో తిరుగుతుంది, అప్పుడు వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం 20 వోల్టులు. సరఫరాలో మిగిలినది 4 వోల్టులు, కాబట్టి కరెంటు 4 ఆంపియర్లకు మించదు, కీలు వద్ద టార్క్ 20 న్యూటన్-మీటర్లకు మించదు. ఆదర్శ మూలం మాత్రం అక్కడ కూడా 50 ఇస్తూనే ఉంటుంది. ఈ మోటారు సెకనుకు 2.8 రేడియన్ల వరకే పూర్తి టార్కును ఇవ్వగలదు. ఆపైన అది సరళరేఖలో తగ్గుతూ 4.8 వద్ద సున్నా అవుతుంది. దూకే రోబో, బంతిని కొట్టే రోబో, పడిపోతూ కాలు ముందుకు వేసి నిలదొక్కుకునే రోబో ఇవన్నీ సరిగా ఈ ప్రాంతంలోనే పనిచేస్తాయి.

ఇక చేయి దేనికైనా తట్టుకొని ఆగిపోతే, కరెంటు పరిమితి లేని పక్షంలో మోటారు 24 ఆంపియర్లు లాగుతుంది. చుట్టలో పుట్టే వేడి 576 వాట్లు. చిన్న మోటారుకు ఇది కొద్దిసేపు కూడా తట్టుకోలేని వేడి.

కాల స్థిరాంకాలు

ప్రేరకత్వాన్ని నిరోధంతో భాగిస్తే వచ్చేది విద్యుత్ కాల స్థిరాంకం. పై ఉదాహరణలో అది 0.5 మిల్లీసెకన్లు. చేతితో సహా మోటారు వేగం పుంజుకొనే యాంత్రిక కాల స్థిరాంకం సుమారు 23 మిల్లీసెకన్లు. ఒకే వ్యవస్థలో ఒక భాగం మరొకదాని కన్న దాదాపు 46 రెట్లు త్వరగా మారుతోంది. ఇటువంటి వాటిని గణితంలో బిరుసు సమీకరణాలు అంటారు.

కంప్యూటరు కాలాన్ని చిన్న చిన్న అంతరాలుగా విభజించి, ఒక్కొక్క అంతరానికి కొత్త విలువలను లెక్కిస్తుంది. రోబో సిమ్యులేటర్లలో ప్రసిద్ధమైన గెజీబోలో ఈ అంతరం సాధారణంగా 1 మిల్లీసెకను. పై మోటారు కరెంటును ఇదే అంతరంతో, అతి సులభమైన ఆయిలర్ పద్ధతిలో లెక్కిస్తే, ప్రతి అడుగులోనూ కరెంటులోని దోషం అంతే పరిమాణంతో గుర్తు మార్చుకుంటూ ఉంటుంది. అది తగ్గదు, పెరగదు, ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. అంతరాన్ని 2 మిల్లీసెకన్లు చేస్తే ప్రతి అడుగుకూ దోషం మూడు రెట్లవుతుంది. చూసేవారికి మోటారులో ఏదో లోపం ఉన్నట్లు తోస్తుంది గాని, లోపం లెక్కించే పద్ధతిలో ఉంది.

దీనికి మార్గాలు కొన్ని ఉన్నాయి. కొత్త కరెంటును కొత్త విలువల ఆధారంగానే సాధించే అవ్యక్త పద్ధతిని వాడితే, అదే 1 మిల్లీసెకను అంతరంలో దోషం ప్రతి అడుగుకూ మూడవ వంతుకు తగ్గుతుంది. లేదా యాంత్రిక భాగం ఒక అడుగు వేసే లోపు విద్యుత్ భాగాన్ని ఇరవై చిన్న అడుగులు వేయించవచ్చు. అన్నిటికన్న సులభమైనది ప్రేరకత్వాన్ని సున్నాగా భావించడం. అప్పుడు కరెంటు ఆ క్షణపు వోల్టేజి, వేగాల నుండి నేరుగా వస్తుంది, అవకలన సమీకరణం బీజగణిత సమీకరణం అవుతుంది. కరెంటును వేగంగా నియంత్రించే డ్రైవు ఉన్న రోబోలకు ఇది చాలావరకు చాలును. ప్రేరకత్వాన్ని తప్పక ఉంచవలసినది డ్రైవు రూపకల్పన చేసేవారికి, కరెంటులోని అలలను పరిశీలించేవారికి. మిగిలినవారు దానిని వదిలివేసినా నష్టం స్వల్పం. ప్రతిఫలిత జడత్వం, టార్క్-వేగ పరిమితి, గేరు ఘర్షణ ఈ మూడింటిని వదిలివేస్తే మాత్రం నష్టం పెద్దది. ఆచరణలో దీనికి తలక్రిందులుగా జరగడం కూడా కనిపిస్తుంది. తీగచుట్ట సమీకరణాన్ని ఎంతో శ్రద్ధగా వ్రాసి, రోటారు జడత్వాన్ని మరచిపోయిన నమూనాలు అరుదు కావు.

రెండు ప్రోగ్రాములు కలిసి నడిచినపుడు

మోటారును ఒక ప్రోగ్రాములో, రోబో యంత్రాన్ని మరొక ప్రోగ్రాములో నడిపి, రెండింటి మధ్య విలువలను మార్చుకొనే పద్ధతిని సహ అనుకరణ అంటారు. మోటారు నుండి టార్క్ రోబోకు వెళ్తుంది, రోబో నుండి వేగం మోటారుకు వస్తుంది. మార్పిడి ప్రతి అంతరం చివరన జరుగుతుంది కనుక ఒకరికి తెలిసిన విలువ మరొకరిది ఒక అడుగు పాతది.

ఈ ఒక్క అడుగు ఆలస్యం ఎంత పని చేస్తుందో పై ఉదాహరణలోనే చూడవచ్చును. రోటారును మోటారు ప్రోగ్రాములో ఉంచి, దానికి కావలసిన టార్కును కీలు యొక్క గత త్వరణం నుండి లెక్కించి తీసివేస్తున్నామని అనుకుందాం. అప్పుడు త్వరణంలోని దోషం ప్రతి అడుగుకూ ప్రతిఫలిత జడత్వాన్ని చేయి జడత్వంతో భాగించినంత రెట్లవుతుంది. చేతిలో 2 కిలోల వస్తువు ఉన్నపుడు ఈ నిష్పత్తి 0.54. కనుక దోషం త్వరగా అంతరిస్తుంది, అనుకరణ సాఫీగా నడుస్తుంది. చేయి వస్తువును వదలగానే చేయి జడత్వం 0.053కు పడిపోతుంది, నిష్పత్తి 3.75 అవుతుంది. పది అడుగులలో, అంటే 10 మిల్లీసెకన్లలో దోషం ఐదు లక్షల రెట్లు దాటుతుంది. తెర మీద రోబో చేయి ఒక్కసారిగా మాయమవుతుంది, లేదా సంఖ్యలకు బదులు లెక్కకు అందని విలువలు వస్తాయి. అంతరాన్ని ఎంత తగ్గించినా ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఆ నిష్పత్తిలో కాలాంతరమే లేదు.

సరైన మార్గం రోటారు జడత్వాన్ని యాంత్రిక భాగంలోనే, జడత్వ మాత్రిక కర్ణంపై కలపడం. మోటారు ప్రోగ్రాముకు విద్యుత్ భాగాన్ని మాత్రమే వదలాలి. ముజోకో అనే సిమ్యులేటరులో ప్రతి కీలుకు ఇందుకోసమే ఆర్మేచరు అనే సంఖ్య ఉన్నది. రోటారు జడత్వాన్ని గేరు నిష్పత్తి వర్గంతో గుణించి అందులో ఉంచుతారు. రోబోలను వర్ణించడానికి విస్తృతంగా వాడే యు.ఆర్.డి.ఎఫ్. దస్త్రాలలో కీలుకు గరిష్ఠ టార్క్, గరిష్ఠ వేగం, ఘర్షణ, అవమందనం వ్రాయడానికి చోటు ఉంది గాని, కీలు వర్ణనలో రోటారు జడత్వానికి చోటు లేదు. గరిష్ఠ టార్క్, గరిష్ఠ వేగం కూడా రెండు విడి సంఖ్యలే. ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుందన్న సంబంధం వాటిలో కనిపించదు. అటువంటి దస్త్రాన్ని మాత్రమే నమ్మిన అనుకరణ మోటారు లేని రోబోనే చూపిస్తుంది.

చరిత్ర

రోబో చేతుల గతిశాస్త్రాన్ని త్వరగా లెక్కించే పద్ధతులు 1980 ప్రాంతంలో వచ్చాయి. 1980లో లూ, వాకర్, పాల్‌లు న్యూటన్-ఆయిలర్ పునరావృత పద్ధతిని ప్రచురించారు. 1983లో రాయ్ ఫెదర్‌స్టోన్ ప్రచురించిన పద్ధతి కీళ్ళ సంఖ్యకు అనులోమంగా మాత్రమే శ్రమ పెరిగే అనుకరణను సాధ్యం చేసింది. వీటిలో మోటారు ప్రస్తావన తక్కువ. కీలుకు టార్క్ ఎక్కడి నుండో వస్తుందని భావించారు.

మోటారును రోబోతో కలిపి చదవడం విద్యార్థులకు అలవాటు చేసిన పాఠ్యపుస్తకాలలో 1989లో వెలువడిన "రోబోట్ డైనమిక్స్ అండ్ కంట్రోల్" ముఖ్యమైనది. దీని రచయితలు మార్క్ స్పాంగ్, మాతుకుమల్లి విద్యాసాగర్. గుంటూరులో 1947లో జన్మించిన విద్యాసాగర్ నియంత్రణ సిద్ధాంతంలో పేరుపొందిన శాస్త్రవేత్త. 1989 నుండి 2000 వరకు బెంగుళూరులోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి సంచాలకులుగా పనిచేశారు. ఆ తరువాత 2009 వరకు హైదరాబాదులో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో పరిశోధన విభాగాన్ని నడిపారు. 2012లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. హైదరాబాదు ఐఐటిలో కూడా ఆచార్యులుగా ఉన్నారు.

ఆ పుస్తకంలో ప్రతి కీలునూ విడివిడిగా నియంత్రించే అధ్యాయం శాశ్వత అయస్కాంత మోటారు సమీకరణాలతో మొదలవుతుంది. విద్యుత్ కాల స్థిరాంకం యాంత్రిక కాల స్థిరాంకం కన్న చాలా చిన్నది కాబట్టి ప్రేరకత్వాన్ని వదలవచ్చునని అందులో చూపారు. అదే చోట మరొక విషయం కూడా ఉంది. గేరు నిష్పత్తి పెద్దదైనపుడు చేతి భాగాల పరస్పర ప్రభావం మోటారును చేరేసరికి నిష్పత్తి వర్గంతో భాగించబడి చిన్నదవుతుంది. పై ఉదాహరణలో వస్తువును వదిలినపుడు చేయి జడత్వం ఏడవ వంతుకు పడిపోతుంది, కాని మోటారు చూసే మొత్తం జడత్వం సగం కన్న కొంచెం దిగువకు మాత్రమే తగ్గుతుంది. పాతకాలపు పారిశ్రామిక రోబోలు ఒక్కొక్క కీలుకు ఒక్కొక్క సామాన్య నియంత్రకంతో ఇన్నేళ్ళు పనిచేయగలగడానికి గల రహస్యం ఇదే.

గేరు లేకపోతే ఈ రక్షణ ఉండదు. 1981లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హరుహికో అసడా, టకేయో కనాడేలు మోటారును నేరుగా కీలుకు బిగించిన చేయిని తయారు చేశారు. గేరు ఘర్షణ, గేరు పళ్ళ మధ్య సందు లేకపోవడం దాని లాభం. కాని చేతి భాగాల ప్రతి కుదుపూ మోటారుకు సూటిగా తగులుతుంది. కనుక అటువంటి చేతికి మోటారు, యంత్రం కలిసిన నమూనా లేనిదే నియంత్రణ కుదరదు. ఆ చేయి రూపొందిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను 1979లో స్థాపించి, తొలి సంచాలకులుగా ఉన్నవారు అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి. ఆయన 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 1998లో హైదరాబాదు గచ్చిబౌలిలో ఏర్పడిన ఐఐఐటి పాలక మండలికి అధ్యక్షులుగానూ వ్యవహరించారు.

సాఫ్ట్‌వేరు వైపు చూస్తే, 1988లో జర్మనీలో మార్టిన్ ఓటర్, టుర్క్‌లు మానుటెక్ ఆర్3 అనే రోబో నమూనాను ప్రకటించారు. ఆరు కీళ్ళ ఈ రోబో తరువాత మోడెలికా భాషలో ప్రామాణిక ఉదాహరణ అయింది. 1997లో వెలువడిన మోడెలికాలో విద్యుత్, యాంత్రిక సమీకరణాలను ఒకే నమూనాలో వ్రాసి, ఒకే సాధకానికి అప్పగించవచ్చును. కనుక ఒక అడుగు ఆలస్యమనే ప్రశ్నే రాదు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ కార్క్ 1996లో ప్రకటించిన రోబోటిక్స్ టూల్‌బాక్సులో ప్రతి భాగానికీ రోటారు జడత్వం, గేరు నిష్పత్తి, ఘర్షణలు చేర్చి ఉన్నాయి. వేరువేరు సంస్థల ప్రోగ్రాములు నమూనాలను ఇచ్చిపుచ్చుకోవడానికి ఎఫ్.ఎం.ఐ. అనే ప్రమాణం 2010లో వచ్చింది. దాని రెండవ రూపం 2014లో, మూడవది 2022లో వెలువడ్డాయి.

2012లో పరిచయమైన ముజోకోను డీప్‌మైండ్ సంస్థ 2021లో కొని, అందరికీ ఉచితం చేసింది. రోబోలకు నడకను అనుకరణలోనే నేర్పి, ఆపై అసలు రోబోలోకి మార్చే పరిశోధనలు పెరగడంతో మోటారు నమూనా మళ్ళీ చర్చకు వచ్చింది. స్విట్జర్లాండులోని జ్యూరిక్ ఈ.టి.హెచ్. పరిశోధకులు 2019లో ఎనీమల్ అనే నాలుగు కాళ్ళ రోబో విషయంలో వేరే దారి పట్టారు. వారి కీళ్ళలో మోటారుతో పాటు స్ప్రింగు కూడా ఉన్నందున సమీకరణాలను వ్రాయడం మానుకొని, అసలు కీళ్ళపై కొలిచిన విలువలతో ఒక న్యూరల్ నెట్‌వర్కుకు శిక్షణ ఇచ్చి, దానినే మోటారు నమూనాగా సిమ్యులేటరులో చేర్చారు. అలా నేర్చిన నడక అసలు రోబోపై పనిచేసింది. ఈ పద్ధతిలో కొలిచిన పరిధి లోపల నమూనా బాగా పనిచేస్తుంది. ఆ పరిధి దాటితే అది ఏమి చెబుతుందో ముందుగా ఊహించడం కష్టం.

ఘర్షణ, వేడి

గేరులోని ఘర్షణ నమూనాలలో అతి కష్టమైన భాగం. కదలక ముందు ఒక విలువ, కదిలాక మరొక విలువ, వేగంతో పాటు ఇంకొకటి, నూనె చల్లగా ఉన్నప్పుడు వేరొకటి. సున్నా వేగం వద్ద ఘర్షణ దిశ ఒక్కసారిగా మారుతుంది కనుక సంఖ్యాత్మక పద్ధతులకు కూడా అది చికాకు కలిగిస్తుంది. పెద్ద నిష్పత్తి గల గేర్లు కీలు వైపు నుండి తోస్తే తిరగకపోవచ్చు. కాని టార్క్ నష్టాన్ని ఒకే శాతంగా వ్రాసిన నమూనా ఈ తేడాను చూపలేదు.

రాగి నిరోధం వేడితో పెరుగుతుంది. డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం. చుట్ట 25 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు వేడెక్కితే 1 ఓమ్ నిరోధం సుమారు 1.29 ఓమ్‌లవుతుంది. అదే కరెంటుకు మరింత వేడి, అదే వోల్టేజికి తక్కువ టార్క్. ఉదయం చక్కగా పనిచేసిన రోబో గంట తరువాత నెమ్మదించడానికి ఇది ఒక కారణం. బ్యాటరీ వోల్టేజి పడిపోవడం మరొకటి. ఆరు మోటార్లు ఒకేసారి కరెంటు లాగితే ఒక కీలు కదలిక మరొక కీలుకు అందే వోల్టేజిని తగ్గిస్తుంది. ఈ ప్రభావం ఎముకలు, కీళ్ళ ద్వారా కాక తీగల ద్వారా ప్రయాణిస్తుంది గనుక యాంత్రిక నమూనాలో ఎంత వెదకినా దొరకదు.

విలువలను కొలవడం

నమూనాకు కావలసిన సంఖ్యలను తయారీదారు పట్టిక నుండి తీసుకోవడం వాడుక. పట్టిక లేని మోటారుకు సామాన్య పరికరాలతో కొలవవచ్చును.

టార్క్ స్థిరాంకానికి టార్క్ కొలిచే పరికరం అవసరం లేదు. మోటారు తీగలను విడిగా ఉంచి, ఇరుసును డ్రిల్లు యంత్రంతో తెలిసిన వేగంలో తిప్పి, తీగల మధ్య వోల్టేజిని మల్టీమీటరుతో చూస్తే సరిపోతుంది. వోల్టేజిని కోణీయ వేగంతో భాగించగా వచ్చే సంఖ్యే టార్క్ స్థిరాంకం. నిరోధాన్ని ఇరుసు కదలకుండా పట్టి, తక్కువ వోల్టేజి ఇచ్చి, కరెంటును చదివి లెక్కించాలి. చిన్న నిరోధాలను మల్టీమీటరు నేరుగా సరిగా చూపదు. బ్రష్‌ల స్పర్శ ఒక్కొక్క స్థితిలో ఒక్కొక్క రకంగా ఉంటుంది కాబట్టి ఇరుసును కొద్దికొద్దిగా తిప్పి అనేకసార్లు కొలిచి సగటు తీసుకోవడం మంచిది. బరువు లేకుండా వేరువేరు వోల్టేజిల వద్ద తిప్పి, లాగిన కరెంటును చూస్తే ఘర్షణ తెలుస్తుంది. ఆ తరువాత సరఫరాను తీసివేసి, తీగలను విడిచి, మోటారు ఎంతసేపటికి ఆగుతుందో చూస్తే రోటారు జడత్వం బయటపడుతుంది.

ఒకే రకం రోబోకు కూడా అందరి కొలతలూ ఏకీభవించవు. ప్యూమా 560 గురించి వేరువేరు పరిశోధకులు ప్రకటించిన విలువలను పీటర్ కార్క్, బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌లు 1994లో ఒకచోట చేర్చి పోల్చారు. ప్రమాణాలు వేరు కావడం, కొందరు మోటారు వైపు విలువలు ఇస్తే మరికొందరు కీలు వైపు విలువలు ఇవ్వడం వంటివి సరిచేశాక కూడా కొన్ని సంఖ్యల మధ్య తేడాలు మిగిలాయి. రోబోను అనుకరించేవారు ఏ సంఖ్య ఏ వైపుదో, గేరుకు ముందుదో తరువాతదో ప్రతిదాని పక్కనా వ్రాసి ఉంచడం మంచిది.